బాలాపూర్ రోహింగ్యా బస్తీల ఫోటోలు, వీడియో తీద్దామనుకుంటున్న, ఏమన్న ఇబ్బంది అయితదా? తెలిసినోళ్ళు చెప్పండి

జడ్చర్ల_క్లిక్స్:

అందరికి నమస్తే. నాది జడ్చర్ల, పెండ్లి ఫోటోలు, ఫంక్షన్ వీడియోలు తీస్త, చిన్న స్టూడియో ఉంది. మూఢం వచ్చిందంటే మాకు పని ఉండదు తెలుసు కదా, షాపుల ఈగలు తోలుకుంట కూసునేకన్న ఈసారి కొంచెం వేరే పని చేద్దామనుకున్న. షాద్‌నగర్ల దోస్తు ఒకడున్నడు, ఆదివారాలు హైదరాబాద్ బాలాపూర్ దిక్కు పోయి ఆడ బర్మా నుంచి పారిపోయొచ్చిన రోహింగ్యా పిల్లలకు లెక్కలు, ఇంగ్లిష్ చెప్పొస్తడు. వాని ఎంబడి నేను గూడ పోయిన. టీవీల చూసింది వేరే, ఆడ ఉన్నది వేరే. ఎవరిదో ప్లాటు కిరాయికి తీస్కొని వెదురు బొంగులు పాతి, టార్పాలిన్లు, పాత ఫ్లెక్సీలు కప్పి గుడిసెలు ఏస్కున్నరు (మన లీడర్ల మొఖాలున్న ఫ్లెక్సీలే, ఒక్కో గుడిసెల పండుకొని పైకి చూస్తే ఎమ్మెల్యే దండం పెడుతుంటడు). మొగోళ్ళు చిత్తు కాయితాలు, ప్లాస్టిక్ ఏరి అమ్ముడు, లేకుంటే అడ్డా కూలి. పిల్లలైతే హైదరాబాద్ ఉర్దూ గడగడ మాట్లాడుతున్నరు, కొందరికి తెలుగు గూడ వస్తది.

నాకు డాక్యుమెంటరీ లెక్క తీసి యూట్యూబ్‌ల పెడదామని ఉంది. మా నాయిన మాత్రం ఆళ్ళ జోలికి పోతే నిన్ను గూడ స్టేషన్ల కూసోపెడ్తరు అంటున్నడు. నా డౌట్లు ఏందంటే అసలు ఆళ్ళ దగ్గరికి పోవుడు, సాయం చేసుడు కేసు అయితదా, ఇంక మొఖాలు చూపియ్యొచ్చా, చూపియ్యకపోతే వీడియో ఎవడు చూస్తడు, ఇంకోటి మా బామ్మర్ది అమెరికాల ఉంటడు, వాళ్ళ దోస్తులు తలా కొంత జమ చేసి పంపుతమంటున్నరు, నా అకౌంట్ల ఏపిచ్చుకోవచ్చా.

ఆ, ఇంకొకటి మర్చిపోయిన. ఒక ముసలామె నా చెయ్యి పట్టుకొని లోపలికి తోల్కపోయి ట్రంకు పెట్టెలకెళ్ళి ఒక కాయితం తీసింది. బర్మా అక్షరాలున్నయి, పేర్లు వరుసగ రాసి ఉన్నయి, మడతల కాడ చినిగిపోయి టేపు ఏసింది. ఆమె చెప్పింది నాకు సమజ్ కాలే, ఫోటో తియ్యి అన్నట్టు సైగ చేసింది, తీసిన. అదేందో ఎవరికన్న తెలుసా?

రాజకీయం వద్దు ప్లీజ్, తెలిసింది చెప్పండి.


నల్గొండ_పంతులమ్మ:

తమ్మీ, ముందు ఆ కాయితం సంగతి చెప్త. నువ్వు చెప్పిన తీరు చూస్తే అది ఆళ్ళ కుటుంబ జాబితా అయి ఉంటది. బర్మాల, అంటే ఇప్పటి మయన్మార్ల, అరకాన్ దిక్కు సర్కారోళ్ళు ఇంటింటికి వచ్చి ఇంట్ల ఎందరున్నరు, ఎవరు పుట్టిన్రు ఎవరు సచ్చిపోయిన్రు అని రాసుకునేటోళ్ళు, దాని నకలు ఇంటోళ్ళ దగ్గర ఉంటది. వేరే ఏ గుర్తింపూ లేనోళ్ళకు మేము ఫలాన ఊరోళ్ళం అని చెప్పుకోనికి ఉన్నది అదొక్కటే. 1982ల అక్కడ పౌరసత్వం చట్టం మార్చిన్రు, సర్కారు దేశపోళ్ళుగ ఒప్పుకున్న 135 జాతుల లిస్టుల రోహింగ్యాలు లేరు. తర్వాత తెల్ల కార్డులని తాత్కాలికంగ ఇచ్చిన్రు, 2015ల అవి గూడ రద్దు చేసి గుంజుకున్నరు. అందుకని 2017 ఆగస్టుల ఊర్లు తగలబెట్టినప్పుడు 7 లక్షల పైన జనం బంగ్లాదేశ్‌కు ఉరికిన్రు గదా, అప్పుడు చానమంది బియ్యం, బంగారం ఇడిసిపెట్టి ఈ కాయితం ప్లాస్టిక్ కవర్ల సుట్టుకొని కడుపుకు కట్టుకొని నాఫ్ నది దాటిన్రు. బాలాపూర్ల ఉన్నోళ్ళు ఎక్కువశాతం 2012ల అరకాన్ల జరిగిన గొడవల తర్వాత వచ్చినోళ్ళు, అయినా ఆ కాయితం అందరికి అంతే. ఆ ముసలామె నీతోని ఫోటో తియ్యిపిచ్చుకుందంటే దాని అర్థం పెద్దది, ఆ ఫోటో డిలీట్ చెయ్యకు, అట్లని ఎవ్వరికీ ఫార్వర్డ్ గూడ చెయ్యకు.

నేను రిటైరైన టీచర్ని, నా బిడ్డ ఎల్బీనగర్ల ఉంటది, ఆడికి పోయినప్పుడల్ల నేను గూడ పిల్లలకు చెప్పొస్త. ఆ పిల్లల్ని సర్కారు బడిల చేర్పిచ్చుడే అన్నిటికన్న పెద్ద తిప్పలు. ఆధార్ ఏదీ, పుట్టిన సర్టిఫికెట్ ఏదీ అని అడుగుతరు. 2025 ఫిబ్రవరిల సుప్రీంకోర్టు ముందు ఇదే కేసు వచ్చింది, పిల్లలు ముందు సర్కారు బడికి పోయి అడగాలె, కాదంటే హైకోర్టుకు పోవచ్చు అని చెప్పి కేసు ముగిచ్చింది. కొందరు హెడ్మాస్టర్లు మంచిగ తీసుకుంటరు, కొందరు ఎందుకొచ్చిన గొడవ అని పంపిచ్చేస్తరు. నాకు తెలిసినంతల పిల్లల కంటె తల్లులే ఎక్కువ భయపడ్తరు, బడిల పేరు రాపిస్తే రేపు ఆ పేరు పట్టుకొని ఎవరన్న వస్తరేమో అని.


అచ్చంపేట_మల్లేష్:

బ్రదర్ నేను రాజకీయం మాట్లాడత లేను గని ఒక మాట. మన పాలమూరోళ్ళు బొంబాయి, పుణె పోయి మట్టి మోసి, ఫుట్‌పాత్‌ల మీద పండుకొని బతికిన్రు, ఇప్పటికీ బతుకుతున్నరు, తాండలకు తాండలు తాళమేసి పోతరు. 2020 లాక్‌డౌన్ల మన నేషనల్ హైవే 44 మీద పిల్లల్ని భుజాల మీద ఎత్తుకొని నడిచిపోయినోళ్ళని చూసినమా లేదా? మనోళ్ళ మీద ఎవడు డాక్యుమెంటరీ తీసిండు? దేశం దాటొచ్చినోళ్ళకు సాయం చేసేటందుకు పెద్ద పెద్ద సంస్థలున్నయి, మనోళ్ళకు ఎవరున్నరు. తప్పనట్లేదు, ముందు ఇంటి దీపం చూస్కో అంటున్న అంతే.


కొల్లాపూర్_ముంపు:

మల్లేష్ తమ్మీ నీ మాట నాకు అర్థమైంది, ఎందుకంటే నేను గూడ ఊరు పోగొట్టుకున్నోన్నే. మాది శ్రీశైలం ముంపు ఊరు. 1981ల, వానలు పడకముందే ఖాళీ చెయ్యాలని ఆపరేషన్ డెమాలిషన్ అని పేరు పెట్టి మరీ ఇండ్లు కూలగొట్టిన్రు, మహబూబ్‌నగర్, కర్నూలు రెండు జిల్లాలు కలిపి వంద దాక ఊర్లు. నేనప్పుడు పిల్లగాన్ని, మా దూలాలు, దర్వాజలు బండి మీద ఏస్కొని పోయింది యాదికుంది. ఆ తర్వాత లోకాయన్ అనే సంస్థ తరఫున నిజనిర్ధారణ బృందం ఒకటి వచ్చి ఎట్ల కూలగొట్టిన్రు, ఎవరికి ఎంత ఇచ్చిన్రు, ఎవరికి ఇయ్యలే అన్నీ రాసుకొని బయటపెట్టింది. అప్పుడు మా పెద్దలు రాసుకొని ఏం చేస్తరు, మాకు ఇల్లు కట్టిస్తరా అన్నరు. నిజమే, ఇల్లు రాలే.

గని అసలు కథ తర్వాత. 1986ల 98 జీవో వచ్చింది, భూమి, ఇల్లు పోయిన కుటుంబానికి ఒక ఉద్యోగం అని. కొల్లాపూర్, వనపర్తి దిక్కు 98 జీవో నిర్వాసితులు అంటే తెల్వనోళ్ళు ఉండరు, ఇప్పటికీ ధర్నాలు నడుస్తనే ఉంటయి. ఆ జీవో కింద ఎవరికి పని దొరికిందంటే కాయితం ఉన్నోనికి. భూసేకరణ అవార్డు కాపీ, పహాణి నకలు, నష్టపరిహారం రశీదు దాచుకున్నోడు లైన్ల నిలబడ్డడు. మా ఊర్ల కౌలు చేసుకునేటోళ్ళు, చాకలోళ్ళు, చేపలు పట్టేటోళ్ళు, గుడిసె తప్ప భూమి లేనోళ్ళు ఏ లిస్టుల లేరు, ఆళ్ళు ఎక్కడ తేలిన్రో గూడ తెల్వదు. ఇంకో సంగతి చెప్త, అప్పుడు ముంపుల పోయే పాత గుళ్ళను రాయి రాయికి నంబరు ఏసి విప్పి తీస్కపోయి మళ్ళ పేర్చిన్రు, కూడలి సంగమేశ్వరం గుడి అట్లనే అలంపురం వచ్చింది, మంచిగ చేసిన్రు, కాదన. రాళ్ళకు నంబర్లు దొరికినయి, మా పక్కింటి కౌలుదారుకు దొరకలే.

అందుకని జడ్చర్ల తమ్మీ, నువ్వు ఆ బస్తీల ఏడ్చే మొఖాలు తీసి యూట్యూబ్‌ల పెడ్తవా పెట్టవా అన్నది నాకు రెండో మాట. ఆ ముసలామె తనకేం కావాల్నో నీకు చెప్పనే చెప్పింది కదా, కాయితం ఫోటో తియ్యమంది. అక్కడ గుడిసెలకు నిప్పంటుకుంటే మొదలు పోయేది అదే. నీ దగ్గర మంచి కెమెరా ఉంది, లైట్లున్నయి, ప్రింటరుంది. ఇంటింటికి పోయి ఆళ్ళ కుటుంబ జాబితా, యుఎన్ (ఐక్యరాజ్యసమితి) ఇచ్చిన శరణార్థి కార్డు, పిల్లల టీకా కార్డు, దవాఖాన చీటీలు, బడి సర్టిఫికెట్లు నీట్‌గ ఫోటో తీసి ఆళ్ళకే రెండు ప్రింట్లు ఇయ్యి, ఆళ్ళ ఫోన్లనే కాపీ పెట్టు. ఎవడూ చూడని డాక్యుమెంటరీ అది, గని ఎప్పుడన్న ఏదన్న జీవో లాంటిది ఆళ్ళకు గూడ వస్తే అదే నిలబెడ్తది.


జడ్చర్ల_క్లిక్స్:

అన్నా నేను ఇట్ల ఆలోచించలే అసలు. ప్రింటర్ ఉంది, పాస్‌పోర్ట్ ఫోటోలు దినాం తీస్తనే ఉంటం. గని మరి వీడియో అసలే వద్దంటరా? వాళ్ళ మీద ఏమేమో ప్రచారం నడుస్తది గదా, వాళ్ళు గూడ మనుషులే అని నలుగురికి చూపిస్తే మంచిదే కదా అని నా ఆలోచన.


కెమెరా_సెట్_రిపోర్టర్:

వీడియో వద్దని ఎవరూ అనరు తమ్ముడు, ఎట్ల తియ్యాలన్నదే ముచ్చట. నేను మహబూబ్‌నగర్ల చాన ఏండ్లు స్ట్రింగర్‌గ, అంటే పేపర్లకు వార్తకింత అని రాసే విలేకరిగ చేసిన, ఇప్పుడు సొంతంగ రాసుకుంటున్న. కొంచెం పెద్దగైతది, ఓపిక చేస్కోండి.

రోహింగ్యాల మీద లోకమంతా చూసిన ఫోటోలు తీసినోళ్ళల్ల మన ఢిల్లీ పిల్లగాడు దానిష్ సిద్దిఖీ ఒకడు. పడవ దిగి బంగ్లాదేశ్ ఒడ్డున ఒంగి ఇసుక ముట్టుకుంటున్న ఒక ఆడామె ఫోటో, మీరు గూడ చూసే ఉంటరు. ఆ ఫోటోలకు రాయిటర్స్ వార్తా సంస్థ ఫోటో టీంకు 2018ల పులిట్జర్ అవార్డు వచ్చింది. 2021 జూలైల అఫ్ఘానిస్తాన్ల స్పిన్ బోల్దక్ కాడ పనిమీద ఉండంగనే సచ్చిపోయిండు. ఆ ఫోటోల పుణ్యాన లోకం కొన్ని రోజులు అటు తిరిగి చూసింది, అది నిజం.

అదే రాయిటర్స్‌ల వా లోన్, క్యా సో ఊ అని ఇద్దరు బర్మా రిపోర్టర్లు. ఇన్ డిన్ అనే ఊర్ల 2017 సెప్టెంబర్ల పది మంది రోహింగ్యా మొగోళ్ళను చేతులు కట్టి మోకాళ్ళ మీద కూసోపెట్టి తర్వాత సంపేసిన్రు. దాని ఫోటోలు ఆ ఊరి బౌద్ధ పెద్దమనిషి ఒకాయన దగ్గరికెళ్ళి వీళ్ళకు చిక్కినయి. జనం మాట మీద ఆధారపడితే ఆ వార్త పుకారని కొట్టేసేటోళ్ళు, ఫోటో ఉండేసరికి మయన్మార్ సైన్యం గూడ ఒప్పుకోక తప్పలే. మరి ఏమైంది? సంపిన ఏడుగురు సైనికులకు పదేండ్ల శిక్ష పడి ఏడాది గూడ నిండకముందే బయటికొచ్చిన్రు. వార్త రాసినోళ్ళిద్దరు 2017 డిసెంబర్ల అరెస్టయి 2019 మే దాక, అంటే పదహారు నెలలకు పైన జైల్ల ఉన్నరు. సంపినోని కంటె రాసినోడు ఎక్కువ రోజులు లోపలున్నడు. నిన్ను భయపెట్టాలని కాదు, మన దగ్గర అంత లేదు, గని రికార్డు చేసుడు అంటే ఎంత బరువో తెలువాలె.

ఇప్పుడు కొల్లాపూర్ అన్న చెప్పిన కాయితం ముచ్చట చాన నిజం, దానికి ఇంకో మొఖం గూడ ఉంది. బంగ్లాదేశ్ క్యాంపుల రేషన్ కావాలంటే యుఎన్ వాళ్ళకు వేలిముద్ర, ఫోటో, ఊరు పేరు ఇయ్యాలె. ఆ డేటాను బంగ్లాదేశ్ సర్కారు మయన్మార్‌కు పంపిచ్చిందని 2021 జూన్ల హ్యూమన్ రైట్స్ వాచ్ అనే మానవ హక్కుల సంస్థ బయటపెట్టింది, కనీసం 8 లక్షల 30 వేల పేర్లు. ఎవరి చేతుల తన్నులు తిని ఉరికొచ్చిన్రో ఆళ్ళ చేతికే అడ్రస్ పోయింది. రేషన్ కార్డు కోసం అని సంతకం పెట్టినోళ్ళకు ఇది చాలమందికి తెల్వనే తెల్వదు. కాబట్టి నువ్వు కాయితాలు ఫోటో తీస్తే మంచిదే గని ఆ కాపీలు నీ స్టూడియో కంప్యూటర్ల ఉంచుకోవద్దు. ఆళ్ళకిచ్చి, ఆళ్ళ ముంగట్నే నీ కార్డుల నుంచి తీసేయి. క్లౌడ్‌ల ఆటోమేటిక్‌గ పోతుందేమో చూస్కో, మనోళ్ళ ఫోన్లల్ల అందరికీ ఆన్‌లనే ఉంటది.

వీడియో విషయానికొస్తే, మొఖం చూపిస్తేనే చూస్తరన్నది పెండ్లి వీడియోల లెక్క. చేతులు తియ్యి, ఆ ట్రంకు పెట్టె తియ్యి, పొయ్యి తియ్యి, పిల్లలు పలక మీద రాసుడు తియ్యి, మాట వెనకకెళ్ళి వినిపిచ్చు. ఆ బస్తీల ఉన్నోళ్ళకు అరకాన్ల ఇంకా చుట్టాలున్నరు, ఇక్కడ ఒక మొఖం కనపడితే అక్కడ తలుపు కొడ్తరు. లొకేషన్ ఆఫ్ చేసి తియ్యి, గల్లీ బోర్డులు, మసీదు పేరు, షాపు పేరు ఫ్రేముల రావద్దు. ఒప్పుకున్నరా అంటే ఊరికె తల ఊపుడు కాదు, ఇది ఇంటర్నెట్ల పెడ్త, మీ ఊరోళ్ళు గూడ చూస్తరు, తర్వాత తీసేసినా వేరేటోని దగ్గర ఉంటది అని ఆళ్ళ భాషల చెప్పిపియ్యాలె. ఆళ్ళల్ల ఉర్దూ వచ్చిన పిల్లగాండ్లు ఉంటరు. ఇంకోటి, ఆళ్ళకు బియ్యం బస్తా ఇచ్చిన రోజు కెమెరా తియ్యకు. చేతుల బియ్యం పట్టుకొని వద్దనే దమ్ము ఎవరికీ ఉండదు.


అచ్చంపేట_మల్లేష్:

బియ్యం ఇచ్చిన్నాడు ఫోటో తియ్యొద్దంటే మన లీడర్ల సగం ఫేస్‌బుక్ ఖాళీ అయితది అన్నా 😄


హైకోర్టు_జూనియర్ (మాది దేవరకొండ):

ప్రాక్టీస్ హైదరాబాద్ల. ఇది లీగల్ సలహా అనుకోకండి, తెలిసింది చెప్తున్న.

మన దేశంల శరణార్థులకని విడిగ చట్టం లేదు, 1951 శరణార్థుల ఒప్పందం మీద గాని 1967 ప్రోటోకాల్ మీద గాని ఇండియా సంతకం పెట్టలే. అందుకని ఒక్కో గుంపుకు ఒక్కో తీరు. చలికాలం మన టౌన్లల్ల రోడ్డు పక్కన స్వెటర్లు అమ్మే టిబెటన్లున్నరు కదా, 1959ల దలైలామా వచ్చిన్నాటి నుంచి వాళ్ళకు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్లు, బైలకుప్పె లాంటి కాడ సర్కారు ఇచ్చిన భూమి. శ్రీలంక తమిళులకు తమిళనాడుల సర్కారు క్యాంపులు, నెలనెలా సాయం. రోహింగ్యాలకు యుఎన్‌హెచ్‌సీఆర్ (యుఎన్ శరణార్థుల సంస్థ) ఢిల్లీ ఆఫీసు ఇచ్చే కార్డు ఉంటది, దేశం మొత్తం మీద అట్ల నమోదైనోళ్ళు 20 వేల పైచిలుకు, గని ఆ కార్డును మన సర్కారు చట్టం కింద ఒప్పుకోదు. సర్కారు లెక్కల వాళ్ళు అక్రమంగ వచ్చిన విదేశీయులు. 1946 నాటి విదేశీయుల చట్టం పోయి ఇప్పుడు 2025 సెప్టెంబర్ 1 నుంచి ఇమ్మిగ్రేషన్ అండ్ ఫారినర్స్ యాక్ట్ నడుస్తుంది, పాస్‌పోర్ట్, వీసా లేకుంట వచ్చినోళ్ళకు అయిదేండ్ల దాక జైలు, అయిదు లక్షల దాక జరిమానా పడొచ్చు. ఇంకో పక్క ఆర్టికల్ 21, బతికే హక్కు, పౌరులకే కాదు మనిషైన ప్రతి ఒక్కరికి ఉంటది. జమ్మూల పట్టుకున్న రోహింగ్యాల కేసుల 2021 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు వాపస్ పంపుడు ఆపలే గని చట్టం చెప్పిన పద్ధతి పాటించకుండ పంపొద్దు అన్నది.

నీ మీద కేసు అయితదా అంటే, పిల్లలకు చదువు చెప్పుడు, అన్నం పెట్టుడు, దవాఖానకు తీస్కపోవుడు నేరం కాదు. మీ నాయిన భయపడేది ఎక్కడ నిజమైతదంటే, ఆధార్, ఓటరు కార్డు, రేషన్ కార్డు ఇప్పిస్తనని మధ్యల దూరితే. హైదరాబాద్ల ఈ కార్డుల కేసులే ఎక్కువ, ఇప్పిచ్చినోడు గూడ లోపలికి పోయిండు. నువ్వు పాస్‌పోర్ట్ ఫోటోలు తీసిస్తవు గదా, ఫోటో ఇయ్యి, ఫారం నింపకు, నీ షాపు అడ్రస్ ఎక్కడా రాయకు. ఇల్లు కిరాయికిచ్చినా, పనికి పెట్టుకున్నా వేరే రూల్స్, విదేశీయులను ఉంచుకుంటే ఎఫ్ఆర్ఆర్ఓకు, అంటే విదేశీయుల నమోదు ఆఫీసుకు సమాచారం ఇయ్యాలె.

అమెరికా డబ్బుల సంగతి, వద్దు. మీ బామ్మర్దిది ఇంకా ఇండియా పాస్‌పోర్టే అయితే తన సొంత సంపాదన పంపుడు వేరు. అక్కడి పౌరసత్వం తీస్కున్న దోస్తులు జమ చేసి పంపితే అది విదేశీ విరాళం, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేకుంట తీస్కుంటే నువ్వు ఇరుక్కుంటవు, ఈ రోహింగ్యా పేరు మీద అయితే ఇంక చెప్పేదే లేదు. కోవా లాంటి సంస్థలు హైదరాబాద్ల ఈ కుటుంబాల కోసం యుఎన్‌తో కలిసి పనిచేసినయి, సాయం చెయ్యాలనుకునేటోళ్ళు రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థను అడిగి నేరుగ వాళ్ళకే ఇయ్యాలె. నీ అకౌంటుకు ఒక్క రూపాయి రానియ్యకు.


నల్గొండ_పంతులమ్మ:

లాయర్ బాబు మంచిగ చెప్పిండు. మల్లేష్‌కు ఒక మాట. ఇంటి దీపం అన్నవు గదా, మా ఇంటి ముచ్చటే చెప్త. మాది సూర్యాపేట దిక్కు ఊరు. 1948ల రజాకార్ల దాడులకు మా నాయనమ్మోళ్ళు రాత్రికి రాత్రి బండి కట్టుకొని సరిహద్దు దాటి కృష్ణా జిల్లాలకు పోయిన్రు, అప్పుడు అది వేరే దేశం లెక్కనే, ఇటు నిజాం అటు ఇండియన్ యూనియన్. అప్పట్ల మునగాల గూడ కృష్ణా జిల్లా కిందనే ఉండె. ఎవరో ముక్కూ మొఖం తెల్వని రైతు తన కొట్టంల చోటిచ్చిండట, పోలీసు యాక్షన్ అయ్యేదాక ఆడనే ఉన్నరు. ఆ రైతు పేరు మా ఇంట్ల ఎవరికీ యాదికి లేదు. ఎవరూ రాసుకోలే.

ఇటు మా ఇంటోళ్ళు తిరిగొచ్చేటప్పటికి అటు వేరేటోళ్ళు ఉరుకుడు మొదలైంది. పోలీసు యాక్షన్ తర్వాత ముస్లింల మీద జరిగిన దాడుల మీద నెహ్రూ పండిట్ సుందర్‌లాల్‌ను, ఖాజీ అబ్దుల్ గఫార్‌ను పంపిచ్చి రిపోర్టు రాపిచ్చిండు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలల్ల ఎక్కువ, మొత్తం 27 వేల నుంచి 40 వేల మంది సచ్చిపోయి ఉంటరని అంచన ఏసిన్రు. తిరిగి, జనాన్ని అడిగి, మంచిగ రాసిన్రు. రాసినంక బీరువల పెట్టిన్రు, దశాబ్దాల దాక మనకు చూపియ్యలే. అంటే రాసుడొక్కటే కాదు తమ్మీ, ఎవరి చేతుల ఉంటది అన్నది గూడ ఉంటది. అందుకనే కొల్లాపూర్ తమ్ముడు కాపీ ఆళ్ళకే ఇయ్యి అన్నది నాకు మస్తు నచ్చింది.


అచ్చంపేట_మల్లేష్:

అక్కా మీ నాయనమ్మ తిరిగి సొంతూరికే వచ్చింది కదా, వీళ్ళు పోతరా? పోనప్పుడు ఇక్కడ ఎన్ని రోజులు, ఎవరి లెక్కల? అది గూడ అడగాల్సిందే. నేను వద్దన్న మనిషిని కాదు, కోపం చేస్కోకండి. వచ్చే నెల మా తాండ నుంచి పుణె పోయే బండి ఎక్కేటోళ్ళ ముచ్చట గూడ ఎవరన్న తీస్తే నేనే తోల్కపోయి చూపిస్త, తిండి నాది.


కొల్లాపూర్_ముంపు:

మల్లేష్, పోతరా అంటే పోవాలనే ఆ ముసలామె ఆ కాయితం దాచుకున్నది. మా నాయిన సచ్చేదాక మునిగిన పొలం పట్టా పాసుబుక్కు తలదిండు కింద పెట్టుకొని పండుకున్నడు, నీళ్ళల్ల ఉన్న భూమికి పట్టా ఎందుకని మేము నవ్వేటోళ్ళం. అక్కడ 1982 చట్టం అట్లనే ఉంది, ఇంకా యుద్ధం నడుస్తుంది, ఎట్ల పోతరు. ఎన్ని రోజులు అన్న నీ ప్రశ్న కరెక్టే, అది సర్కార్లను అడగాల్సింది, జడ్చర్ల పిల్లగాన్ని కాదు.

మీ తాండ ముచ్చట మాత్రం నిజంగ తియ్యాల్సిందే. నేను గూడ వస్త.


జడ్చర్ల_క్లిక్స్:

అందరికి థాంక్స్. ఇంత చెప్తరనుకోలే. ఇప్పటికి నేను అనుకున్నది ఏందంటే యూట్యూబ్ ముచ్చట పక్కకు పెడ్త, బామ్మర్దికి డబ్బులు వద్దని చెప్పిన (కొంచెం ఫీలైండు, మీరు రాసింది స్క్రీన్‌షాట్ పంపిన). వచ్చే ఆదివారం దోస్తుతోని పోయి ముందు ఆ పెద్దమ్మకు ఆమె కాయితం ప్రింట్ తీసి ఇస్త, ఆమె సరే అంటే మిగతా ఇండ్లు అడుగుత. మల్లేషన్నా తాండకు గూడ వస్త, మూఢం ఇంకా అయిపోలే.

ప్రింట్ ఎట్ల తియ్యాలె? మామూలు ఫోటో పేపర్ మీదనా? లామినేషన్ చేసియ్యాల్నా? అసలు కాయితాన్ని గూడ లామినేషన్ చేపిద్దామా చినుగుతుంది కదా.


నల్గొండ_పంతులమ్మ:

అసలు కాయితాన్ని మాత్రం లామినేషన్ చెయ్యకు తమ్మీ! వేడికి పాత సిరా పోతది, మళ్ళ ఊడదియ్యరాదు, రేపు ఎవరన్న ఆఫీసర్ అసలుదా నకిలీదా అని ముట్టి చూస్తనంటే పనికి రాదు. మా బడిల పాత టీసీలు అట్లనే పాడైనయి. టేపు గూడ పీకకు. అసలుది మందంగ ఉండే జిప్ కవర్ల పెట్టియ్యి, ప్రింట్‌ను కావాలంటే లామినేషన్ చెయ్యి.


కెమెరా_సెట్_రిపోర్టర్:

గుడిసెల లోపల తియ్యకు, నీలం టార్పాలిన్ రంగు మొత్తం కాయితం మీద పడ్తది. పొద్దున బయట నీడల, కింద తెల్ల బట్ట పరిచి, నిటారుగ పైనుంచి తియ్యి, ఫ్లాష్ వద్దు, టేపు మెరుస్తది. వెనక పక్క గూడ తియ్యి, ముద్రలు, చేతిరాతలు వెనకనే ఉంటయి. మడతల కాడ ఒక్కో భాగం దగ్గరగ విడిగ తియ్యి. పేర్లు తెలుగుల గాని ఇంగ్లిష్‌ల గాని నీకు వినపడ్డట్టు రాసుకోకు, యుఎన్ కార్డు మీద ఎట్లుంటే అట్ల అక్షరం పొల్లు పోకుండ ఉండాలె, ఒక్క అక్షరం తేడా వస్తే ఆళ్ళు ఏండ్లు తిరుగుతరు.

ఇంక జడ్చర్ల నుంచి అయితే ఆరాంఘర్ కాడ దిగి చాంద్రాయణగుట్ట మీదకెళ్ళి పో, లోపల ఎంజీబీఎస్ దాక పోతే టైం వేస్ట్. ఎండ పెరగక ముందే చేరుకో, పదకొండు దాటితే మొగోళ్ళు దొరకరు.